బిడ్డ తరఫు వకీలు ఎవరు?

మన దేశంలో బాలల చట్టాల చరిత్ర చెప్పేవారు మామూలుగా 1920తో మొదలుపెడతారు. ఆ ఏడు మద్రాసు రాజధానిలో బాలల చట్టం వచ్చింది. 1922లో బెంగాలు, 1924లో బొంబాయి అదే బాట పట్టాయి. స్వాతంత్ర్యం తరువాత 1960లో కేంద్రపాలిత ప్రాంతాలకొక చట్టం, 1986లో దేశం మొత్తానికి ఒక చట్టం, 2000లో దాని స్థానంలో మరొకటి, 2015లో ఇంకొకటి వచ్చాయి. ఈ వరుస చూస్తే ప్రభుత్వానికి దయ ఏటేటా పెరుగుతూ వచ్చినట్టు కనిపిస్తుంది. చాలా ఏళ్ళు ఈ చట్టాల కిందనే సర్కారు పక్షాన వాదించినవాణ్ణి గనుక నాకు ఈ కథ మీద నమ్మకం కుదరలేదు. చట్టంలో ఏమి రాసి ఉన్నదన్నది ఒక ప్రశ్న. ఆ చట్టం ఎదుట బిడ్డను నిలబెట్టినప్పుడు ఆ బిడ్డ పక్షాన నోరు విప్పినదెవరన్నది వేరే ప్రశ్న. ఈ రెండో ప్రశ్న వేసుకుని చూస్తే చరిత్ర 1920లో మొదలుకాదు, అంత సాఫీగా సాగదు కూడా.

మాది రామాపురం. వ్యాజ్యం పడితే తెనాలికో, బాపట్లకో, రేపల్లెకో పోవలసిన పల్లె. నేను చెప్పబోయేదానికి ఉదాహరణలు ఎక్కువగా ఈ గుంటూరు సీమనుంచే తెస్తున్నాను. ఇది సొంత ఊరిమీది మమకారం మాత్రమే కాదు. బిడ్డ విషయంలో సర్కారు ఎన్ని వేషాలు కట్టిందో వాటిలో చాలావాటికి ఇక్కడే ఆనవాళ్ళున్నాయి.

మొదట ఆస్తి ఉన్న బిడ్డ సంగతి చూద్దాం. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1816లో గతించాడు. ఆయన ఒకరి తరువాత ఒకరిగా ఇద్దరిని దత్తత చేసుకున్నాడు. మొదటి దత్తుడు బతికి ఉండగా రెండో దత్తత చెల్లుతుందా అన్న తగాదా ఇక్కడి కోర్టులు దాటి, సముద్రాలు దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలుకు చేరింది. రంగమ్మ, అచ్చమ్మల పేర్లమీద ఉన్న ఆ కేసులో 1846లో తీర్పు వచ్చింది: చెల్లదు. జమీందారు పోయి అప్పటికి ముప్ఫై ఏళ్ళు. ఒక బిడ్డ ఎవరి బిడ్డ అని తేల్చడానికి శాస్త్రులూ, వకీళ్ళూ, దొరలూ ఇంతకాలం కష్టపడ్డారు. కారణం తెలియనిది కాదు. ఆ బిడ్డ వెనక పరగణాలున్నాయి.

పరగణాలున్న బిడ్డకు సర్కారు కూడా తండ్రి అయింది. 1890 నాటి గార్డియన్లు, వార్డుల చట్టం ప్రకారం మైనరుకు సంరక్షకుణ్ణి నియమించాలని కోర్టును అడిగే హక్కు కలెక్టరుకు ఉంది. నియమించేటప్పుడు కోర్టు మైనరు క్షేమాన్ని చూడాలి. ఆ చట్టం 17వ సెక్షనులో ఒక మంచి మాట ఉంది: తన ఇష్టం తెలివిగా చెప్పగల వయసు మైనరుకు ఉంటే కోర్టు ఆ ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. 1902లో మద్రాసు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చట్టం వచ్చింది. మైనరు జమీందారు ఎస్టేటును రెవిన్యూ బోర్డు చూసుకుంటుంది, శిస్తు వసూలు చేస్తుంది, అప్పులు తీరుస్తుంది, కుర్రవాడికి చదువు చెప్పిస్తుంది. మద్రాసులో న్యూయింగ్టన్ పేరుతో ఇటువంటి మైనర్లకోసం ప్రత్యేకంగా ఒక వసతి బడే నడిచింది. ఎస్టేటు లెక్కల్లో తేడా వస్తే సర్కారు వకీలు కోర్టుకు జవాబు చెప్పుకోవాలి. బాలల సంక్షేమం పేరుతో ఈ దేశంలో సర్కారు వకీలు చేసిన తొలి పని ఇది. నిజానికి అది ఎస్టేటు సంక్షేమం.

ఇప్పుడు అదే కాలంలో ఆస్తి లేని బిడ్డ దగ్గరకు రండి. దానికి ఎంతో దూరం పోనక్కరలేదు. బాపట్ల నుంచి చీరాల పోయే దారిలో స్టువర్టుపురం ఉంది. 1913లో అక్కడ ఎరుకలవారికోసం సెటిల్‌మెంటు పెట్టి, నడిపే పని ముక్తిఫౌజు అనే క్రైస్తవ మిషనుకు అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు పేరే ఊరికి పేరయింది. ఉప్పూ ధాన్యమూ గాడిదలమీదా ఎడ్లమీదా వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకుంటూ, బుట్టలూ చాపలూ అల్లుకుంటూ బతికిన జాతి అది. రైలు వచ్చింది, ఉప్పుమీద పన్ను వచ్చింది, అడవిమీద ఆంక్షలు వచ్చాయి. బతుకుతెరువు పోయినవాడు ఊరూరూ తిరుగుతుంటే తిరగడమే నేరమన్నారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు.

ఆ 1911 చట్టంలో 17వ సెక్షను చదవండి. (అంకె ఒకటే కావడం యాదృచ్ఛికమే అయినా, నాకు రెండు చట్టపుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివే అలవాటు ఈ అంకె వల్లనే వచ్చింది.) నేరస్థ జాతిగా ప్రకటించినవారి పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గరనుంచి వేరుచేసి, తీసుకుపోయి, పారిశ్రామిక, వ్యావసాయిక, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. బిడ్డ అంటే ఎవరు? ఆరేళ్ళు దాటి, పద్ధెనిమిది నిండనివారు. 1897 నాటి సవరణలో ఈ వయసు నాలుగేళ్ళనుంచే మొదలైంది. బిడ్డ నేరం చేసి ఉండాలా? అక్కరలేదు. తండ్రి చేసి ఉండాలా? అదీ అక్కరలేదు. జాతి పేరు గెజిట్టులో పడితే చాలు. ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ అడగడానికి వీలులేదని చట్టంలోనే రాసుకున్నారు. వెంకటాద్రినాయుడి దత్తుడికోసం లండను దాకా తెరుచుకున్న తలుపులు ఎరుకల బిడ్డకు బాపట్ల మునసబు కోర్టులో కూడా తెరుచుకోలేదు. కోర్టు లేనిచోట వకీలుకు పనేముంది? ఈ బిడ్డల విషయంలో సర్కారు వకీలుకు వాదించే శ్రమ కూడా లేకుండా చేశారు.

ఒక చట్టంలో కోర్టు బిడ్డ ఇష్టాన్ని అడగవచ్చు. మరో చట్టంలో బిడ్డను తల్లి ఒడిలోనుంచి తీసుకుపోవడానికి కోర్టుతోనే పనిలేదు. రెండూ ఒకే పాలకులు, ఇరవై ఏళ్ళ వ్యవధిలో చేసిన చట్టాలు. దీన్ని దయలో హెచ్చుతగ్గులుగా చూడడం పొరపాటు. ఆస్తిని చెదరకుండా నిలపడం ఒక అవసరం, చెదిరిన శ్రమను ఒకచోట కట్టివేయడం రెండో అవసరం. చీరాలలో పొగాకు కంపెనీ లేచినప్పుడు సెటిల్‌మెంటు జనమే అందులో కూలీలయ్యారు.

అయితే సెటిల్‌మెంటులో బడి ఉంది కదా, వైద్యం ఉంది కదా, అక్కడ చదువుకున్న పిల్లలు బాగుపడలేదా అని కొందరు మిత్రులు అడుగుతారు. బాగుపడ్డవారున్నారు. ముక్తిఫౌజులో నిజాయితీగా పనిచేసినవారూ ఉండే ఉంటారు. బడి పెట్టినందుకు ఎవరూ తప్పుపట్టరు. బిడ్డను బడికి పంపడానికి తల్లిని నేరస్థురాలిగా రాసుకోవలసిన పనేమిటన్నదే ప్రశ్న. ఆస్ట్రేలియాలో ఆదివాసీల బిడ్డల్ని ఇదే పద్ధతిలో, ఇదే కారణం చెప్పి, తల్లుల దగ్గరనుంచి తీసుకుపోయారు. దానిమీద 1997లో విచారణ నివేదిక వచ్చింది. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. మన దగ్గర నేరస్థ జాతుల చట్టాన్ని మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దుచేశారు. ఈలోగానే 1948లో మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం చేసిపెట్టుకున్నారు. జాతి పేరు తీసి మనిషి పేరు పెట్టారు, పోలీసు చేతిలో పుస్తకం మాత్రం ఉంది. స్టువర్టుపురంలో పోలీసు చూపుతో కాకుండా మనిషి చూపుతో పనిచేసినవారు తరువాత వచ్చారు. జాషువా కుమార్తె హేమలతా లవణం, లవణం 1970ల్లో అక్కడ చేసిన కృషి అటువంటిది.

ఇక్కడ సాహిత్యవిమర్శకులకు ఒక మాట. కోర్టులో చెప్పడానికి వీలులేని ఈ సంగతి చెప్పినవాడు ఒక బారిస్టరే. కాని కోర్టులో కాదు, నవలలో. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో ఉండి 'మాలపల్లి' రాశాడు. 1922లో అది వెలువడింది, ప్రభుత్వం నిషేధించింది. రామదాసు కుటుంబం చివరకు సెటిల్‌మెంటుకు చేరే ఘట్టాలు అందులో ఉన్నాయి. మనవాళ్ళు ఆ నవలను కూలీల పోరాటం కోసం చదివినంత శ్రద్ధగా ఈ ఘట్టాల కోసం చదవలేదని నా అభిప్రాయం. అభ్యుదయ రచయితల తొలి మహాసభ 1943లో జరిగింది తెనాలిలోనే. స్టువర్టుపురం అక్కడికి రైలులో పోయేంత దగ్గర. అప్పటికి ఇంకా ఆ చట్టం అమలులోనే ఉంది. తెనాలిలో పెరిగిన చలం 'బిడ్డల శిక్షణ' రాసి తల్లిదండ్రుల అధికారాన్ని నిలదీశాడు. అది గొప్ప పని. తల్లిదండ్రులనుంచి బిడ్డను లాక్కునే అధికారాన్ని కూడా అంత గట్టిగా నిలదీసినవారు మనలో కొద్దిమందే.

ఇక 1920 నాటి మద్రాసు చట్టం. దీనికి 1908 నాటి ఇంగ్లండు చట్టం నమూనా. పిల్లల్ని పెద్ద ఖైదీలతో కలిపి జైలులో పెట్టకూడదు, పిల్లల కేసులు విడిగా విచారించాలి. ఇవి మేలైన మాటలే, వీటిని తక్కువచేసి చెప్పను. కాని ఆ చట్టంలో నేరం చేసిన బిడ్డతోపాటు దిక్కులేని బిడ్డ అనే మరో తరగతి ఉంది. బిచ్చమెత్తేవాడు, ఇల్లూ వాకిలీ లేక తిరిగేవాడు, తండ్రి జైలులో ఉన్నవాడు, తాగుబోతు సంరక్షణలో ఉన్నవాడు. వీరిని పోలీసు కోర్టుకు తీసుకురావచ్చు, కోర్టు సర్టిఫైడ్ స్కూలుకు పంపవచ్చు. ఇవన్నీ పేదరికానికి పెట్టిన మారుపేర్లు. పొలం, ఇల్లు ఉన్న తాగుబోతు కొడుకును పోలీసు కోర్టుకు పట్టుకువచ్చిన కేసు నా అనుభవంలో ఒక్కటి లేదు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా కోస్తా, రాయలసీమల్లో పేరు మార్చుకుని నడిచింది ఈ 1920 చట్టమే.

బాల్యవివాహాల చట్టం కథ పొడుగైనది గనుక ఒక్క మాటతో వదిలేస్తాను. 1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమలులోకి వచ్చాక కోస్తావాళ్ళకు కొత్త పెళ్ళిపందిరి దొరికింది. అది ఫ్రెంచివారి యానాం. అక్కడ ఇంగ్లీషు చట్టం చెల్లదు. పిల్లల పెళ్ళిళ్ళు అన్ని జరిగాయి గనుక ఆ ఊరికి కల్యాణపురమనే పేరు కూడా వచ్చింది. బండికి, పడవకు డబ్బున్నవాడు చట్టం ఎల్ల దాటి పెళ్ళి చేసుకు వచ్చాడు. ఆ పిల్లల తరఫున ఎల్ల దగ్గర నిలబడినవారెవరూ లేరు.

మా డెల్టాకు బాగా తగిలేది 1933 నాటి చట్టం. పిల్లల శ్రమను తాకట్టు పెట్టడాన్ని నిషేధించిన చట్టం అది. విట్లీ కమిషను సిఫారసుల మీద వచ్చింది. పదిహేనేళ్ళలోపు బిడ్డ శ్రమను తాకట్టు పెట్టిన తండ్రికి యాభై రూపాయల దాకా జుల్మానా, పనిలో పెట్టుకున్న యజమానికి రెండువందల దాకా. కాని బిడ్డకు హాని లేకుండా, సరైన కూలికి, వారం నోటీసుతో ముగించుకోగల ఒప్పందమైతే అది తాకట్టు కాదు. ఇంత చిన్న సందు చాలు. కృష్ణ కాలవల కింద చిన్న పాలేరుతనం ఎప్పుడూ ఒప్పంద కాగితం మీద నడవలేదు. పెళ్ళికో చావుకో ఇచ్చిన బదులుకు కుర్రవాణ్ణి పసులవెంట పంపడం, రెండుపూటలా తిండి, ఏడాదికి రెండు జతల బట్టలు. కాగితం లేనిది కోర్టులో తాకట్టని ఎలా రుజువు చేయగలరు?

ఈ చిక్కు నేను కళ్ళారా చూశాను. ఒక కేసు చెబుతాను, ఊరూ పేరూ చెప్పను. పదకొండేళ్ళ కుర్రవాడు బాతుల మంద వెంట పనిచేస్తూ దొరికాడు. కోతలైన చేలల్లో బాతుల్ని మేపుతూ నెలల తరబడి ఊళ్ళవెంట తిరిగే పని అది. తల్లి కొంత సొమ్ము ముందుగా తీసుకుంది. కేసులో ఫిర్యాది సర్కారు, సర్కారుకు వకీలును నేను. ముద్దాయి మంద యజమాని, ఆయనకు మంచి ప్లీడరున్నాడు. మరి ఆ కుర్రవాడు ఎవరు? సాక్షి. అతని బతుకుమీద జరుగుతున్న కేసులో అతనికి ఉన్న హోదా అంతే. వయసెంత, ఎన్ని గంటలు పని, కూలి ఎంత, ఇవి మాత్రమే నేను అడగగలిగినవి. నీకేం కావాలిరా అన్న ప్రశ్న అడిగితే అవతలి ప్లీడరు లేచి, ఇది కేసుకు సంబంధం లేదంటాడు. చట్టరీత్యా ఆయన మాటే నిజం. వరండాలో అడిగాను. అమ్మ దగ్గరే ఉంటానండి, బడికి కూడా పోతానండి అన్నాడు. అతని మకాం నిర్ణయించేది వేరే అధికారులు. వారి కాగితంలో ఉన్నవి రెండే దారులు: వసతి గృహం, లేదా తల్లికి అప్పగింత. తల్లికి అప్పగిస్తే ఆ బాకీ ఉంది గనుక మళ్ళీ మందవెంటే పోతాడు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు. అది నేను రాసి ఇచ్చాను. తల్లికి ఆ మాట అంతకుముందు ఎవరూ చెప్పలేదు. బాకీ చెల్లదన్న ఉత్తర్వు వచ్చాక కుర్రవాడు ఇంటికి దగ్గరి బడిలో చేరాడు. ముద్దాయికి పడిన శిక్ష మాత్రం జుల్మానాతో సరిపోయింది.

సర్కారు వకీలు అంటే బిడ్డ వకీలని జనం అనుకుంటారు. కాదు. సర్కారు తరఫున నేరాన్ని రుజువు చేయడం అతని పని. సర్కారు ప్రయోజనమూ బిడ్డ ప్రయోజనమూ చాలాసార్లు కలుస్తాయి, కొన్నిసార్లు కలవవు. కలవనినాడు బిడ్డకు వేరే వకీలు కావాలి. మన చట్టాలు ఈ మాట ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. 1960 నాటి చట్టంలో బాల సంక్షేమ మండలి ముందు వకీలు హాజరుకావడం హక్కు కాదన్నారు, మండలి ప్రత్యేకంగా అనుమతిస్తేనే. వకీలు వస్తే వాతావరణం చెడుతుంది, మండలి సభ్యులు తల్లిదండ్రుల వంటివారు, బిడ్డకు తల్లిదండ్రుల మీద వకీలెందుకు? ఇదీ వాదన. అమెరికాలో ఇదే వాదన 1967 దాకా నడిచింది. ఎరిజోనాలో జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ళ కుర్రవాడు పొరుగింటావిడకు ఫోనులో బూతులాడాడని, వకీలు లేకుండా విచారించి, ఇరవై ఒకటి నిండేదాకా సంస్కరణ పాఠశాలకు పంపారు. అంటే ఆరేళ్ళదాకా. అదే పని పెద్దవాడు చేసి ఉంటే యాభై డాలర్లు మించని జుల్మానా, లేదా రెండు నెలలు మించని జైలు. దయకు పట్టపగ్గాలు లేకపోతే శిక్షకన్న ఎక్కువ కాలం నడుస్తుందని అక్కడి సుప్రీంకోర్టు ఆ కేసులో గుర్తించింది, బిడ్డకు వకీలు హక్కని తీర్పు చెప్పింది.

సోవియట్ దేశం సంగతి కూడా చెప్పకపోతే మన పాఠకులు ఊరుకోరు. విప్లవం జరిగిన కొద్ది నెలలకే, 1918 జనవరిలో, మైనర్లకు కోర్టులనూ జైళ్ళనూ రద్దుచేశారు. 1920లో మకరెంకో దిక్కులేని పిల్లలతో గోర్కీ కాలనీ మొదలుపెట్టాడు. స్టువర్టుపురం పుట్టిన ఏడేళ్ళకే మొదలైన ఆ కాలనీని దీని పక్కన పెట్టి చదవవలసిందే. పిల్లవాడి పాత ఫైలు చదవనని పట్టుబట్టిన పద్ధతి ఒకటి, పుట్టుకతోనే ఫైలు తెరిచిన పద్ధతి మరొకటి. అయితే అదే సోవియట్ రాజ్యం 1935 ఏప్రిల్‌లో పన్నెండేళ్ళ పిల్లల్ని కొన్ని నేరాలకు పెద్దల కోర్టులకూ పెద్దల శిక్షలకూ అప్పగించింది. మనవాళ్ళు మొదటిది చెప్పినంత గట్టిగా రెండోది చెప్పరు. చెప్పి తీరాలి.

ఇటీవలి చట్టాల్లో మార్పు లేదనను. 1987 నాటి న్యాయసేవల చట్టం 1995లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బిడ్డకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా వకీలును పొందే హక్కు ఉంది. 2012 నాటి పోక్సో చట్టంలో సర్కారు తరఫున ప్రత్యేక ప్రాసిక్యూటరు ఒకవైపు, బిడ్డ కుటుంబం తరఫున వకీలు మరోవైపు ఉండవచ్చునని వేరువేరు సెక్షన్లలో స్పష్టంగా రాశారు. 2015 చట్టం బిడ్డ మాట వినాలని మూలసూత్రాల్లోనే చేర్చింది. అదే చట్టం పదహారు దాటిన పిల్లవాడిమీద ఘోరనేరం ఆరోపణ వస్తే పెద్దవాడిగా విచారించే దారి కూడా తెరిచింది. ఆ దారిలో పేదల పిల్లలకే వకీలు అవసరం ఎక్కువ, దొరకడమే తక్కువ.

దత్తత దగ్గర ఆగి ముగిస్తాను. 1999లోనూ 2001లోనూ హైదరాబాదు శిశుగృహాల గుట్టు బయటపడింది. లంబాడా తండాల్లో పుట్టిన ఆడబిడ్డల్ని కొద్దిపాటి సొమ్ము చేతిలో పెట్టి తెచ్చి, తల్లి వదులుకున్నట్టు కాగితం పుట్టించి, విదేశీ దత్తతలకు పంపుతున్నారని తేలింది. ప్రతి ఫైలులో తల్లి వేలిముద్ర ఉంది, కోర్టు ఉత్తర్వు ఉంది, సంస్థకు వకీలున్నాడు. విదేశీ దత్తతల్లో జాగ్రత్తలు చెబుతూ సుప్రీంకోర్టు లక్ష్మీకాంత్ పాండే కేసులో 1984లోనే తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును చూపుతూనే ఇవన్నీ సాగాయి. 2001లో రాష్ట్రప్రభుత్వం పేదరికం పేరుతో బిడ్డను వదులుకునే పద్ధతిని నిషేధించింది. వాసిరెడ్డి దత్తుడి తల్లిదండ్రుల్ని వేలిముద్ర అడిగినవారెవరూ లేరు, ఆ దత్తత చెల్లుతుందా అని ముప్ఫై ఏళ్ళు వాదించినవారున్నారు. ఈ తండా తల్లుల దత్తతల్లో వేలిముద్ర ఉంది, వాదించినవారు లేరు.

కోర్టుల్లో దత్తత కేసులు ఏళ్ళు పడుతున్నాయని 2021లో చట్టాన్ని సవరించారు. దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని కోర్టునుంచి తీసి కలెక్టరుకు ఇచ్చారు. 2022 సెప్టెంబరు 1 నుంచి అది అమలులో ఉంది. ఆలస్యం నిజమే. శిశుగృహంలో రెండేళ్ళు గడిచిన బిడ్డకు ఆ రెండేళ్ళు తిరిగిరావు. కాని ఆలస్యానికి మందు జడ్జీలను పెంచడం, బిడ్డకు వకీలును ఇవ్వడం. కోర్టునే తప్పించడం కాదు. కలెక్టరు దగ్గర భూముల ఫైళ్ళూ, తుఫాను ఫైళ్ళూ, ఎన్నికల ఫైళ్ళూ ఉంటాయి. వాటి మధ్య ఒక బిడ్డ ఫైలు. దాన్ని చదివి, ఈ తల్లి సంతకం ఎప్పుడు, ఎవరి ముందు, ఏ భాషలో చదివి వినిపించి తీసుకున్నారని అడిగే మనిషి ఆ గదిలో ఉండాలని సవరణలో ఎక్కడా లేదు.

ఆ ఏడే, 2022 ఏప్రిల్ 4న, గుంటూరు, ప్రకాశం జిల్లాలనుంచి కొంత కొంత విడదీసి బాపట్ల జిల్లా చేశారు. తెనాలి గుంటూరులో ఉండిపోయింది, రేపల్లె బాపట్లకు వచ్చింది. స్టువర్టుపురం కూడా ఆ జిల్లాలోనే ఉంది. అక్కడి బిడ్డ ఎవరికైనా దత్తతకు పోవలసివస్తే ఇప్పుడు సంతకం కలెక్టరుది.